లాకెట్ ఎక్కడ ఆగాలి?

నగల కొట్టులో ట్రే ముందు పెట్టగానే అందరి కళ్లూ డిజైను మీదికే పోతాయి. నెమలా, మామిడి పిందా, లక్ష్మీదేవా? తర్వాత బరువు అడుగుతాం, ఆపైన ధర. "గొలుసుదేముందమ్మా, ఇంట్లో ఉన్నదానికే వేసేసుకోండి" అని కౌంటర్లో అబ్బాయి అనగానే గొలుసు సంగతి అక్కడితో సరి. ఇంటికొచ్చి వేసుకుంటే గానీ అసలు విషయం బయటపడదు. సగం పైట కింద దాక్కుంటోంది. నాలుగడుగులు నడిస్తే బోర్లా తిరుగుతోంది. ముచ్చటపడి కొన్న నెమలి పెళ్లి ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ సరిగ్గా పడలేదు. ఇదంతా కొన్న వరసలో వచ్చిన తంటా.

ఈ అధ్యాయంలో ఆ వరసను తిరగేద్దాం. ముందు చోటు, దాన్నిబట్టి గొలుసు, ఆ రెండూ తేలాకే లాకెట్.

ఎందుకంటే లాకెట్‌కూ హారానికీ తేడా ఉంది. కాసులపేరు గానీ గుత్తపూసలు గానీ మెడ చుట్టూ పరుచుకుంటాయి, చూసేవాళ్ల కన్ను వాటి మీద ఎక్కడైనా ఆగవచ్చు. లాకెట్ గొలుసు మాత్రం రెండు గీతల్లా దిగి ఒకచోట కలుస్తుంది. చూపు ఆ గీతల వెంట జారి ఆ ఒక్క చోటికే చేరుతుంది. మీరు నిర్ణయించకపోతే, ఆ రోజు కొట్టులో దొరికిన గొలుసు పొడవే ఆ చోటును నిర్ణయించేస్తుంది.

దారంతో మొదలు

కొట్టుకు వెళ్లే ముందు ఇంట్లో చేసే పని ఒకటుంది, పైసా ఖర్చు లేదు. కాస్త గట్టి దారం తీసుకోండి. అట్టముక్కను మీకు కావలసిన లాకెట్ సైజులో కత్తిరించి, దాని వెనక రెండు పిన్నీసులు గుచ్చి దారానికి కట్టండి. పిన్నీసులు ఎందుకంటే, బరువు లేకపోతే దారం మెడ మీద సరిగ్గా సాగదు. ఇప్పుడు మీరు ఎక్కువగా వేసుకునే బట్టలు వేసుకుని నిలువుటద్దం ముందు నిలబడండి. దారాన్ని పొడుగు చేస్తూ, పొట్టి చేస్తూ చూడండి. బాగున్నచోట ముడి వేసి, దారం విప్పి టేపుతో కొలవండి. అదే మీ గొలుసు కొలత. దాన్ని ఫోన్లో రాసిపెట్టుకోండి.

కొట్లలో గొలుసులు అంగుళాల్లోనే అమ్ముతారు. సాధారణమైన మెడకు 16 అంగుళాలది గొంతు గుంట దగ్గర ఆగుతుంది, 18 దానికి కాస్త దిగువన, 20 నుంచి 22 దాకా గుండెల పైభాగాన, 24 రొమ్ము మధ్యకు, 30 ఇంకా కిందికి. "సాధారణమైన మెడ" అన్నది గుర్తుంచుకోండి. మెడ లావుగా ఉంటే గొలుసులో ఎక్కువ భాగం మెడ చుట్టే ఖర్చయిపోతుంది, స్నేహితురాలికి గుండెల మీదికి దిగిన 18 అంగుళాల గొలుసు మీకు గొంతు దగ్గరే ఆగుతుంది. లాకెట్ సొంత పొడవు కూడా కలుపుకోవాలి. 2 అంగుళాల పొడవున్న పతకం పెద్దగొలుసుకు తగిలిస్తే దాని కింది అంచు మీరు అనుకున్న చోటికి ఎంతో దిగువన ఉంటుంది.

అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకుంటే సరిపోదు. వంగి చూడండి, వడ్డిస్తున్నట్టు. పొడుగు గొలుసు ముందుకు ఊగి సాంబారు గిన్నెలోకి తొంగిచూస్తుంటే, పండగలకు వంటింట్లో తిరిగే మనిషికి అది పనికిరాదు. చంకలో పసిబిడ్డ ఉన్నవాళ్లు 16కు మించి పోకపోవడం మంచిది, ఎలాగూ పిల్లల చేతికి అందుతుంది కానీ కనీసం నోటికి అందదు.

చీర కట్టేవాళ్లకు ఒక ప్రత్యేకమైన లెక్క ఉంది. దీన్ని నగల పుస్తకాలు పెద్దగా పట్టించుకోవు, ఎందుకంటే అవి గౌన్లనూ చొక్కాలనూ దృష్టిలో పెట్టుకుని రాసినవి. పైట కుడి నడుము నుంచి ఎడమ భుజానికి ఏటవాలుగా ఎక్కుతుంది. ఛాతీ మీద ఆ అంచు ఎక్కడ దాటుతుందో చూసుకోండి. లాకెట్ ఆ అంచు మీద పడితే సగం పైట మీద, సగం పైట కింద అయి వంకరగా నిలుస్తుంది, జరీ అంచైతే గీరుకుంటుంది కూడా. అందుకని చీరకు రెండే సుఖమైన చోట్లు: పైట అంచుకు పైన, జాకెట్ మెడ లోపల కనిపించే చర్మం మీద, లేదా పైటను పూర్తిగా దాటి దాని మీద హాయిగా వాలేంత పొడుగున. నడిమధ్య పొడుగు చీరకు చేటు. బోట్ నెక్ జాకెట్‌కు ఆ పై చోటు కూడా ఉండదు కాబట్టి పొడుగు గొలుసే దిక్కు.

మెడలో పుస్తెలతాడు ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. తాడు లోపలికి వేసుకుని, పైకి పొట్టి నల్లపూసలకు లాకెట్ వేసుకోవడం ఇప్పుడు ఉద్యోగాలు చేసే ఆడవాళ్లలో చాలా ఎక్కువ. దానికి తోడు మరో గొలుసు వేస్తే వరసకూ వరసకూ మధ్య కనీసం 2 అంగుళాల ఎడం ఉండాలి, లేకపోతే సాయంత్రానికి మూడూ కలిసి జడ అల్లుకుంటాయి. ఆఫీసు ట్యాగు మాట మరిచిపోకండి! హైటెక్ సిటీలో సగంమంది మెడలో లాకెట్ కంటే పెద్ద ఐడీ కార్డు వేలాడుతుంటుంది. 24 అంగుళాల గొలుసు వేస్తే లాకెట్ రోజంతా ఆ ప్లాస్టిక్ వెనక దాగుతుంది. రోజూ ట్యాగు వేసేవాళ్లకు 18 లోపే.

ముఖం గుండ్రంగా ఉంటే ఈ ఆకారం, కోలగా ఉంటే ఆ ఆకారం అని పట్టికలు తిరుగుతుంటాయి. నాకు వాటి మీద నమ్మకం లేదు. ముఖం కంటే జాకెట్ మెడ, కుర్తా మెడ చాలా ఎక్కువ తేలుస్తాయి. వీ మెడకు కిందికి కోసుగా దిగే లాకెట్ ఎవరికైనా బాగుంటుంది. గుండ్రటి మెడ అంచు మీదే ఆగే లాకెట్ ఎంత ఖరీదైనదైనా ఎవరికీ బాగుండదు.

గొలుసు మోయాలి

చోటు తేలాక గొలుసు. ఇక్కడ చూడవలసింది అందం కంటే ఒరిపిడి. లాకెట్ పై రింగు గొలుసు మీద ఒకేచోట రోజంతా రుద్దుకుంటూ ఉంటుంది. సన్నటి గొలుసు అక్కడే అరిగి, అక్కడే తెగుతుంది. 22 క్యారెట్ల బంగారం మెత్తనిది, అరుగుదల త్వరగా కనిపిస్తుంది. లాకెట్ కంటే గొలుసు తేలికగా ఉండకూడదన్నది నేను పాటించే లెక్క. బోలు గొలుసులు చూడ్డానికి లావుగా ఉంటాయి, బరువు తక్కువ, నొక్కు పడితే సరిచేయడం కష్టం. వాటికి బరువైన పతకం తగిలించవద్దు. కొక్కెం కూడా చేత్తో తీసి, పెట్టి చూడాలి. వేరేవాళ్ల సాయం లేకుండా వెనక చేతులతో పెట్టుకోలేకపోతే ఆ గొలుసు వారానికల్లా బీరువాలోకి చేరుతుంది.

పాత గొలుసుకు కొత్త లాకెట్ కొనేటప్పుడు ఆ గొలుసు వేసుకునే కొట్టుకు వెళ్లండి. పై రింగులోంచి గొలుసు కొక్కెం దూరుతుందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. చిన్న విషయమే, కానీ లాకెట్లు మార్చి మార్చి వేసుకోవాలనుకునేవాళ్లకు ఇదే ప్రాణం.

లాకెట్‌ను తిప్పి చూడండి

ఇప్పుడు ట్రే ముందుకు రావచ్చు. నచ్చినదాన్ని వెల్వెట్ బొమ్మ మెడ మీద చూసి మోసపోవద్దు. పసుపు దీపాల కింద కెంపు రంగు రాయి ఏదైనా మండుతుంది. వీలైతే గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో చూడండి. ఫొటో ఆరడుగుల దూరం నుంచి తీయించుకోండి, ఎదుటి మనిషి మిమ్మల్ని చూసే దూరం ఇంచుమించు అదే. ఆ దూరంలో సన్నటి నక్షీ పని అంతా ఒక మచ్చగా కలిసిపోతుంది, బయటి గీత ఒక్కటే మిగులుతుంది. ఆ గీత బాగుంటేనే లాకెట్ బాగున్నట్టు. దగ్గరికి వచ్చినవాళ్లకు లోపలి పని అదనపు కానుక.

తర్వాత పరీక్ష: దారానికో, గొలుసుకో తగిలించి వేలితో ఒక్కసారి తట్టండి. తిరిగి తిరిగి ముఖం ముందుకే వచ్చి ఆగాలి. అడ్డంగా వెడల్పుగా ఉండి నడిమధ్య ఒకే రింగు ఉన్నవి, పైభాగాన రాళ్లు బరువెక్కినవి తేలిగ్గా బోర్లా పడతాయి. అలాంటి డిజైనే నచ్చితే రెండు చివరలా రెండు రింగులు పెట్టించి గొలుసును రెండు ముక్కలుగా తగిలించమనండి, తిరగడమన్నది ఉండదు. మన అడ్డిగల్లో మధ్య పతకాన్ని రెండు వైపులా కట్టెయ్యడంలో ఉన్న తెలివి ఇదే.

వెనకవైపు చూడటం చాలామందికి అలవాటు లేదు. వేలితో నిమరండి. గరుకుగా ఉంటే చర్మానికి గీరుకుంటుంది, పట్టుచీరలో పోగు లాగుతుంది. రాళ్ల వెనక తెరిచి ఉంటే వెలుగు లోపలికి పోయి రాయి మెరుస్తుంది, మురికి పడితే బ్రష్షుతో కడుక్కోవచ్చు. కుందన్ లాంటి మూసిన పనిలో రాయి కింద రేకు ఉంటుంది. నీళ్లు లోపలికి పోతే ఆ రేకు నల్లబడి రాయి చచ్చిపోతుంది. అలాంటివి స్నానానికీ, చెమట పట్టే పనులకూ వేసుకోకూడదు.

మీరే గీస్తే

డిజైను మీదే కావాలంటే అసలు సైజులోనే గీయండి. పెద్దగా గీసి "దీన్ని చిన్నది చేయండి" అంటే కాగితం మీద విడిగా ఉన్న గీతలు బంగారంలో అతుక్కుపోతాయి. సన్నటి గీతలు చేతికి తగిలితే వంగిపోతాయి. గీసినదాన్ని అట్ట మీద అంటించి కత్తిరించి, అదే దారం పరీక్ష రెండు రోజులు చేయండి.

తెలుగులో పేరు లాకెట్ చేయించుకోవడం ఇప్పుడు సరదా. తెలుగు అక్షరాల గుండ్రదనం బంగారానికి భలే అమరుతుంది, ఇంగ్లీషు అక్షరాల మూలల్లా గుచ్చుకోదు. కానీ ఇందులో ఒక చిక్కుంది. నాగరి లిపిలో అక్షరాలన్నింటినీ పైగీత కలిపి పట్టుకుంటుంది, మనకు ఆ గీత లేదు. ప్రతి అక్షరం విడిది. దానికి తోడు ప, స, హ లాంటి అక్షరాల తలకట్టు చాలా ఫాంట్లలో అక్షరాన్ని తాకకుండా గాల్లో ఉంటుంది. "సహస్ర" అని రేకులో కోయించండి, మూడు తలకట్లూ ఊడి కింద పడతాయి. సున్నా ఉన్న పేరుకు సున్నా కూడా అంతే. అందుకని పేరును కంప్యూటర్లో టైపు చేసి ఇచ్చేస్తే చాలదు. తలకట్టును అక్షరం మీదికి వాల్చి కలపాలి, అక్షరానికి అక్షరం ఆనాలి, కింద వేలాడే వత్తులను పక్క అక్షరం కడుపులోకి జరిపి ఆసరా ఇవ్వాలి. అది కుదరకపోతే కింద సన్నటి తీగ ఒకటి సాగదీసి దాని మీద అక్షరాలను నిలబెట్టాలి. చేత్తో బాగా రాసేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల చేత కలం ఎత్తకుండా రాయించి ఆ రాతనే కోయించడం నాకు అన్నిటికంటే నచ్చే దారి. అమ్మ చేతిరాతలో కూతురి పేరు ఏ కేటలాగులోనూ దొరకదు.

తూకం, ముద్ర

తెలంగాణలో తులం అంటారు, కోస్తాలో కాసు అంటారు. ఇప్పటి వాడుకలో తులం 10 గ్రాములు, కాసు 8. పాత తులమైతే 11.66 గ్రాములు. గొడవ లేకుండా గ్రాముల్లోనే మాట్లాడండి.

రాళ్ల లాకెట్‌లో ముఖ్యంగా అడగవలసినది రాళ్లు తీసేసిన బరువు. 12.4 గ్రాముల పతకంలో రాళ్లూ పూసలూ 3.1 గ్రాములు ఉన్నాయనుకుందాం. బంగారం 9.3 గ్రాములే, బంగారం ధర దానికే కట్టాలి. రాళ్ల ధర వేరే గీతలో, క్యారెట్లలో రాయాలి. 1 క్యారెట్ అంటే 0.2 గ్రాము, కాబట్టి ఆ 3.1 గ్రాములు 15.5 క్యారెట్లు. పాత పద్ధతి బోలు నగల్లో లోపల లక్క నింపుతారు, అది కూడా బంగారం బరువులోకి రాకూడదు. రేపు మార్చుకోబోతే మామూలు రంగురాళ్లకు తిరిగి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. ఈ సంగతి తెలిసి, రాళ్లు నచ్చి కొంటే తప్పులేదు, పొదుపు అనుకుని కొంటేనే బాధ. మజూరీ, తరుగు విడివిడిగా ఎంతో బిల్లు మీద ఉండాలి. ఆ రెంటినీ కలిపి శాతంలో చెప్పే చోట, ఆ శాతం ఏ బరువు మీదో అడగండి.

ముద్ర విషయానికొస్తే, 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ ఉండి తీరాలి. దాంతోపాటు బీఐఎస్ గుర్తు, స్వచ్ఛత అంకె: 22 క్యారెట్లకు 916, 18కి 750, 14కు 585. ఆ హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి, వస్తువు ఏమిటన్నది కూడా. మీ చేతిలో లాకెట్ ఉండి యాప్‌లో ఉంగరమని వస్తే ప్రశ్న వేయవలసిందే. అయితే 2 గ్రాములలోపు వస్తువులకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, కుందన్, పోల్కీ, జడావు పనికీ మినహాయింపు ఉంది. చిన్న లాకెట్లు చాలావరకు ఆ 2 గ్రాములలోపే ఉంటాయి. కాబట్టి వాటికి బిల్లే ఆధారం, క్యారెట్లు దాని మీద రాయించుకోండి. ఎవరైనా "ఇది కేడీఎం అండీ" అంటే మురిసిపోవద్దు. అది కాడ్మియం కలిపిన మాటు సంగతి, స్వచ్ఛతకు పూచీ కాదు.

వజ్రం పొదిగిన లాకెట్‌కు 18 క్యారెట్లు మేలు. రాయిని పట్టుకునే కాళ్లు 22లో కంటే గట్టిగా నిలుస్తాయి. "22 కాకపోతే బంగారమే కాదు" అనే పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకుండా, రాయి ఊడిపోతే నష్టం ఎంతో చెప్పండి చాలు.

బంగారం దాటి

పెద్ద లాకెట్ కావాలి, బరువు వద్దు అనేవాళ్లు కరీంనగర్ వెండి ఫిలిగ్రీ చూడాలి. సన్నటి వెండి తీగను మెలితిప్పి, లావు తీగతో చేసిన చట్రంలో తీగలు తీగలుగా నింపి అతుకుతారు. అరచేతిలో సగమంత పతకం కూడా మెడకు తెలియదు. 2007లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెండి గాలికి నల్లబడుతుంది, ఆ తీగల సందుల్లో నలుపు పోగొట్టడం ఓపిక పని, అందుకని వేసుకోనప్పుడు గాలి చొరని కవర్లో దాచండి.

దానికి పూర్తిగా వ్యతిరేకం ఆదిలాబాద్ డోక్రా. ఉషేగావ్ లాంటి ఊళ్లలో మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే వస్తువు బయటికొస్తుంది, కాబట్టి ఏ రెండూ ఒకలా ఉండవు. బరువుగా, గరుకుగా ఉంటాయి. వీటికి గొలుసు పెట్టకండి, నల్ల దారమో, తోలు తాడో కట్టి చేనేత చీర మీద పొడుగ్గా వేలాడదీయండి. పట్టుచీరకు మాత్రం వద్దు.

మచిలీపట్నం రోల్డ్‌గోల్డ్ సంగతి తెలియని తెలుగు ఇల్లు ఉండదు. పూత నగల్లో లాకెట్ కొనడం తెలివైన పనే, కొత్త డిజైను, కొత్త పొడుగు మీకు నప్పుతుందో లేదో కొన్ని నెలలు వేసుకుని చూడటానికి. దురద పెడితే వెంటనే తీసేయండి, పూత కింది లోహంలో నికెల్ ఉంటే కొందరికి పడదు.

ముత్యం, పగడం అందంగా ఉంటాయి గానీ మెత్తనివి, తేలిగ్గా గీతలు పడతాయి. చెమటా సెంటూ వాటి నిగనిగను తినేస్తాయి. సెంటు కొట్టుకున్నాక వేసుకోవాలి, తీశాక మెత్తటి బట్టతో తుడవాలి. పచ్చల్లో పగుళ్లకు నూనె పట్టించడం మామూలు, అందుకే వేడినీళ్లూ, కొట్లలో ఉండే శుభ్రంచేసే యంత్రమూ పచ్చకు పడవు.

మగవాళ్ల విషయం క్లుప్తంగా. తిరుమలలో టీటీడీ అమ్మే శ్రీవారి డాలరో, సన్నటి ఓంకారమో 20 అంగుళాల గొలుసుకు వేస్తే చొక్కా లోపలే ఉంటుంది, మంచిదే. పైగుండీ విప్పి చూపించాలనుకుంటే గొలుసు లావు పెంచకండి, పొడవు తగ్గించండి. పులిగోరు మాత్రం వద్దు. తాతల నాటిదైనా సరే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం తగిన ధ్రువపత్రం లేకుండా అది దగ్గర ఉంచుకోవడమే నేరం. 2023 అక్టోబరులో కన్నడ బిగ్‌బాస్ పోటీదారుణ్ని పులిగోరు లాకెట్ విషయంలో అటవీ అధికారులు ఆ ఇంటి నుంచే అరెస్టు చేశారు. ఆ ఆకారం అంతగా ఇష్టమైతే బంగారంతోనే పోయించుకోండి.

అమ్మమ్మ అడ్డిగ

కొత్తది కొనే ముందు బీరువా తెరవండి. తెగిన కాసులపేరులో మిగిలిన ఒక్క కాసు, జత పోయిన జూకా, అమ్మమ్మ అడ్డిగలోని మధ్య పతకం, ఇవన్నీ పై రింగు ఒక్కటి పెడితే లాకెట్లే. కాసును 18 అంగుళాల సాదా గొలుసుకు వేసి చూడండి, కాటన్ కుర్తా మీద దానికి సాటివచ్చేది తక్కువ. కరిగించి కొత్త డిజైను చేయించమని కొట్టువాళ్లు చెబుతారు. కరిగితే పాత చేతిపని పోతుంది, తరుగు పోతుంది, మళ్లీ మజూరీ పడుతుంది. ముందు ఊళ్లో ఉన్న కంసాలికి చూపించండి. "పాత రింగులు కొయ్యకుండా, కొత్త రింగు వేరేగా పెట్టి ఇవ్వు నాయనా" అనండి. రేపు మీ కూతురు దాన్ని మళ్లీ అడ్డిగగా గుచ్చుకోవాలనుకుంటే వీలుండాలి.

ఇచ్చేటప్పుడు ముందూ వెనకా ఫొటో తీయండి, ఎదురుగా తూయించండి. కెంపులెన్ని, పచ్చలెన్ని, ఊడిన గూళ్లెన్ని, వేలాడే ముత్యాలెన్ని అన్నది లెక్కపెట్టి చీటీ మీద రాయించి, దాని మీదే తేదీ, బరువు వేయించుకోండి. తెలిసిన కంసాలి అయినా సరే. అతనే సంతోషిస్తాడు, ఎందుకంటే తిరిగి ఇచ్చేటప్పుడు మాట పడేది అతనే.